బండి ఖాళీ చేసి తీసుకురావలెను

ఇప్పుడు మీరు చదవబోయేది ఒక మహాకావ్యం. ఇందులో ఏనుగంత రథం ఉంది. దాన్ని తోలే సారథి ఉన్నాడు. ఆ సారథిని సముద్రం పాలు చేస్తానని శపథం పట్టిన ప్రభువు ఉన్నాడు. ప్రాణం పోయినా రథం దిగనని భీష్మించుకు కూర్చున్న ఇల్లాలు ఉంది. గోడమీద శాసనం ఉంది. చివర్లో పాలసముద్రం కూడా ఉంది, కాకపోతే గిన్నెలో.

అంత సీను లేదు. ఇది ఒక కారవాన్ ముందు టైర్లు లోపలి వైపు అరిగిపోవడం గురించి. ముందే చెప్పేశాను, తర్వాత నన్ను అనొద్దు.

నేను రిటైరైన మనిషిని. వయసు ముప్పై మూడు. నడుము వయసు దానికి రెట్టింపు. బందరు డాక్టరుగారు ఫిల్ము వెలుగుకి పెట్టి చూసి, "ఇకమీదట వంగే పని చెయ్యకు" అన్నారు. వంగకుండా వీల్ అలైన్‌మెంట్ చేయడం, వంగకుండా నాట్లు వేయడం ఒకటే. అందుకని ఇప్పుడు గుడివాడలో ఒక ఎరువుల కొట్లో కూర్చుంటున్నాను. యూరియా బస్తాలో నాకు నచ్చిన గుణం ఏమిటంటే, అది ఎడమకి లాగుతోందని ఇంతవరకూ ఒక్కడూ ఫిర్యాదు చేయలేదు.

మా పాత షెడ్డులో కొత్తగా చేరిన తమ్ముళ్ళు అప్పుడప్పుడూ కొట్టుకి వచ్చి, "అన్నా, నీ సర్వీసులో మర్చిపోలేని కేసు ఒకటి చెప్పన్నా" అని అడుగుతుంటారు. ఏదో ఘనకార్యం వినబోతున్నట్టు ముఖాలు పెడతారు. నా దగ్గర ఉన్నది ఇదొక్కటే. చెప్పి చెప్పి విసుగొచ్చింది. అందుకే రాసి పెడుతున్నాను. ఇకమీదట ఎవరడిగినా ఈ కాగితాలు చేతిలో పెట్టి నా టీ నేను తాగుతాను.

షెడ్డు పామర్రులో. గుడివాడ నుంచి వచ్చేవాళ్ళూ, బందరు నుంచి వచ్చేవాళ్ళూ, దివిసీమ నుంచి వచ్చేవాళ్ళూ ఆ ఊరు తగలకుండా ఎటూ పోలేరు కాబట్టి మూడు దిక్కుల గుంతల ఫలితాలూ మా దగ్గరే తేలేవి. పనేమిటో రెండు ముక్కల్లో చెబుతాను. బండి ముందు చక్రాలు రెండూ నేరుగా రోడ్డు వైపు చూడాలి. ఒకటి పొలం వైపు, ఇంకొకటి కాలవ వైపు చూస్తుంటే టైరు దొర్లదు, రోడ్డు మీద రుద్దుకుంటూ పోతుంది, తురుముపీట మీద కొబ్బరిచిప్ప రుద్దినట్టు. ఏ అంచు రుద్దుకుంటే ఆ అంచు అరుగుతుంది. చక్రాలు ఎటు చూస్తున్నాయో మిషన్ తన కెమెరాలతో కొలిచి తెరమీద అంకె చూపిస్తుంది. బాగుంటే పచ్చ, లేకపోతే ఎరుపు. గోతిలో దిగి, వంగి, రాడ్డు తిప్పి ఆ ఎరుపుని పచ్చ చేయడం నా ఉద్యోగం. ఇంతే. దీనికోసం మా ఇంట్లోవాళ్ళు నన్ను ఐటీఐ చదివించారు.

షెడ్డు యజమాని మేస్త్రిగారు. ఆ కంప్యూటర్ మిషన్ కొన్నప్పటి నుంచి ఆయన మనుషుల మాట వినడం మానేశారు. "మనిషి అబద్ధం చెబుతాడు, మిషన్ చెప్పదు" అనేది ఆయన గాయత్రి. పొద్దున్నే దానికి బొట్టు పెట్టి, అగరొత్తులు తిప్పి, ఆ తర్వాతే స్విచ్ వేసేవారు. ఒకసారి కుంకం కెమెరా అద్దం మీద రాలితే, మిషన్ శుభ్రంగా ఉన్న కారుకి మూడు చక్రాలే ఉన్నాయని చూపించింది. ఆయన కారు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, చక్రాలు లెక్కపెట్టుకుని, అప్పుడు అద్దం తుడిచారు. నమ్మకం అంటే అలా ఉండాలి.

నాకంటే ముందు నుంచీ ఉన్న సీనియర్ ఒకాయన ఉండేవారు. ఆయనది వేరే మతం. ఏ జబ్బు చెప్పినా కారణం ఒకటే: రోడ్డు. స్టీరింగ్ వణికినా రోడ్డే, బ్రేకు అరిచినా రోడ్డే. ఏసీ పనిచేయడం లేదని ఒకరు దారితప్పి వస్తే, "ఎటు నుంచి వస్తున్నారు? అదీ సంగతి" అన్నారు.

ఇక ఆ శాసనం. షెడ్డు గోడమీద పెయింటుతో పెద్ద అక్షరాల్లో ఉండేది: "బండి ఖాళీ చేసి తీసుకురావలెను. సామాన్లు పోయిన మాకు సంబంధం లేదు." దీని వెనక ఒక స్టీలు క్యారియర్ ఉంది. ఒక కుటుంబం కారు వెనక సీట్లో నాలుగు గిన్నెల క్యారియర్ వదిలేసి అలైన్‌మెంట్ చేయించుకుని వెళ్ళి, సాయంత్రానికి తిరిగొచ్చి అది పోయిందని మా అందరినీ దొంగల్లా నిలబెట్టి కడిగేశారు. వారం తిరక్కుండా ఆ క్యారియర్ వాళ్ళ వియ్యపురాలి వంటింట్లో దొరికిందని మాకు వేరేవాళ్ళు చెప్పారు. వాళ్ళు మాత్రం చెప్పలేదు. మేస్త్రిగారు ఆ కసితో పెయింటర్‌ని పిలిపించారు. అప్పటి నుంచి ఎవరు ఫోన్ చేసినా ముందు ఆ వాక్యం చదివి వినిపించి, తర్వాత నమస్కారం అనేవారు.

ఈ పరిస్థితుల్లో మా షెడ్డుకి ఒక కారవాన్ వచ్చింది.

సినిమావాళ్ళది కాదు. గుడివాడ దగ్గర చేపల చెరువులున్న ఒక ఆసామిది. ఆయన భార్యకి పరాయి బాత్రూం పడదు. పెళ్ళికెళ్తే తాళి పడగానే బయల్దేరాలి, గుడికెళ్తే తీర్థం చేతిలో ఉండగానే బయల్దేరాలి. ఆవిడతో ఏ ఊరూ పూర్తిగా చూడలేదని ఆసామికి బెంగ. చివరికి ఒక పెద్ద వ్యాను కొని, దానిలోపల మంచం, పొయ్యి, ఫ్రిజ్, ముఖ్యంగా బాత్రూం కట్టించారు. ఎడమ పక్కన, ముందు సీటుకి వెనకే, ఒక పొడుగాటి సోఫా. అది అమ్మగారి సింహాసనం. దాని కింద నాలుగు వందల లీటర్ల నీళ్ళ ట్యాంకు.

అంత పెద్ద ట్యాంకు ఎందుకంటే, అమ్మగారి పుట్టిల్లు నాగాయలంక అవతల. అక్కడ బోరు వేస్తే ఉప్పునీళ్ళు. ఆ నీళ్ళతో కందిపప్పు ఉడకదు, టీ పెడితే పాలు విరుగుతాయి. అందుకని ఆవిడ ఎప్పుడు వెళ్ళినా తమ్ముడింటికి గుడివాడ నీళ్ళు తీసుకెళ్తారు. అందరూ పుట్టింటి నుంచి చీరా సారే తెచ్చుకుంటారు, ఈవిడ పుట్టింటికి నీళ్ళు మోస్తారు. పక్కనే రెండు బియ్యం బస్తాలు ఎలాగూ ఉంటాయి. ఈ ట్యాంకు సంగతి గుర్తుపెట్టుకోండి. మేం పెట్టుకోలేదు.

ఈ ఇంటిని తోలే డ్రైవర్‌ది మంగినపూడి పక్కన పల్లె. నాకేమీ కాడు, కానీ మొదటి రోజే "బావా" అన్నాడు, నేనూ అన్నాను, ఇక తప్పలేదు. వాళ్ళ తాతముత్తాతలంతా సముద్రం మీద వేటకెళ్ళినవాళ్ళే. వీడు ఒక్కడే మినహాయింపు.

"నాకు సముద్రం పడదు బావా" అన్నాడు ఒకసారి టీ తాగుతూ.

"పడకపోవడమేంటి? మీకు ఉగ్గుపాలతో పాటు అదే కదా పడతారు."

"పడవ ఎక్కితే చాలు, వాంతులు. ఒడ్డు దాటకముందే మొదలు. మా నాన్న నన్ను చూసి వల పట్టుకున్నాడో, తల పట్టుకున్నాడో తెలీదుగానీ, మా మావయ్యలు మాత్రం ఇప్పటికీ 'చేపలకి మేత వేసేవాడొచ్చాడ్రా' అంటారు."

అందుకే వాడికి ఆ స్టీరింగ్ అంటే ప్రాణం. నెల జీతం, బందరులో అద్దె ఇల్లు, పిల్లలకి బడి, అన్నిటికంటే కదలని నేల. కారవాన్‌ని పసిపిల్లని ఎత్తుకున్నట్టు తోలేవాడు. పామర్రు సెంటర్లో ఆటోవాళ్ళు వెనక నుంచి హారన్ కొట్టి కొట్టి అలిసిపోయి టీకి దిగేవాళ్ళు.

అలాంటివాడు టైర్లు తినేస్తున్నాడు.

మొదటిసారి వచ్చినప్పుడు నేను ముందు చక్రం దగ్గర కూర్చుని చూశాను. బయటి నుంచి చూస్తే టైరు కొత్త పెళ్ళికొడుకు. లోపలికి చెయ్యి పెడితే తిరుపతి వెళ్ళొచ్చినవాడు. అంచంతా గుండు. ఎడమ టైరు మరీ అన్యాయం, లోపలి దారాలు కనబడుతున్నాయి.

"బావా, దీన్ని తోలావా, చెక్కావా?"

"నీకు దణ్ణం పెడతా, ఆసామి ముందు మాత్రం ఆ మాట అనకు" అన్నాడు.

బండిని గోతిమీదికి ఎక్కించబోతే మేస్త్రిగారు లోపలికి తొంగిచూశారు. లోపల పూచికపుల్ల లేదు. పరుపుతో సహా దించేశాడు. ఇంటి దగ్గరే ట్యాంకు ఖాళీ చేసి, నీళ్ళన్నీ అమ్మగారి బిందెల్లో నింపి, బస్తాలు దించి, లోపల చీపురు పట్టి మరీ తెచ్చాడు. మేస్త్రిగారి కళ్ళు చల్లబడ్డాయి. "చూశారా, పెద్దపెద్ద చదువులు చదివినవాళ్ళు ఆ బోర్డు చదవరు. ఇతను చదివాడు. క్రమశిక్షణ అంటే ఇదీ" అని మా అందరికీ వాణ్ణి చూపించారు. వాడు సిగ్గుపడ్డాడు.

కొత్త జత వేశాం. తెరమీద అన్నీ పచ్చగా వచ్చేదాకా రాడ్లు తిప్పాను. పంపించాం. కొన్నాళ్ళకి ఆ జత కూడా గుండు చేయించుకుని వచ్చింది. మళ్ళీ పూచికపుల్ల లేకుండా ఖాళీ, మళ్ళీ కొత్త జత, మళ్ళీ పచ్చ. మళ్ళీ గుండు.

ఇక్కడి నుంచి అసలు హింస. టైరు ఒకటి అరిగితే ఊళ్ళో ఇంతమంది శాస్త్రవేత్తలు ఉంటారని నాకు అప్పటిదాకా తెలియదు. సీనియర్ సంగతి సరే, రోడ్డు. గాలి పట్టేవాడు గాలి అన్నాడు. టైర్ల కొట్టువాడు అలైన్‌మెంట్ అన్నాడు. మేస్త్రిగారు టైర్ల కొట్టువాడు అన్నారు. అమ్మగారు ఫోన్‌లో దిష్టి అన్నారు. ఏదో పెళ్ళిలో ఎవరో "మీకేం వదినా, బాత్రూం వెంటబెట్టుకు తిరుగుతారు" అన్నారట, అప్పటి నుంచే మొదలైందట. డ్రైవర్ ముందు బంపర్‌కి నిమ్మకాయలు కట్టాడు, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించాడు. నిమ్మకాయలు బయటి అంచుతో తొక్కితే లోపలి అంచుకి ఎలా పనిచేస్తాయని నేనడిగితే షెడ్డులో ఎవరూ నవ్వలేదు. నేను గోతిలో దిగి ఒక్కొక్క కీలూ ఊపి చూశాను. ఏదీ ఊగడం లేదు. బండిలో తప్పు లేదు, మిషన్‌లో తప్పు లేదు, టైరులో తప్పు లేదు. మిగిలింది ఎవరు?

ఆసామి అదే అన్నారు. స్పీకర్ ఫోన్‌లో అన్నారు కాబట్టి షెడ్డంతా విన్నాం.

"ఏవయ్యా, నేను చెరువుల్లో చేపల్ని నమ్ముతాగానీ డ్రైవర్లని నమ్మను. గట్ల మీద ఎక్కిస్తున్నావో, బందరులో కిరాయికి తిప్పుతున్నావో నాకు తెలీదు. ఇదే ఆఖరి జత. ఇదీ పోయిందా, నువ్వు మళ్ళీ మీ సముద్రానికే."

డ్రైవర్ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. అక్కడికక్కడే వాడి ముఖం పడవ ఎక్కినట్టు అయిపోయింది. నేను ఏదో జోకు వేయబోయి ఆగాను. నా సర్వీసులో అలా ఆగిన సందర్భాలు తక్కువ.

ఆఖరి జత వేసి ఎక్కువ రోజులు కాకముందే ఆ రోజు వచ్చింది. మిట్టమధ్యాహ్నం, చెప్పాపెట్టకుండా కారవాన్ షెడ్డు ముందు ఆగింది. ఈసారి డ్రైవర్ ఒక్కడే కాదు, ఆసామి, అమ్మగారు కూడా ఉన్నారు. అమ్మగారి తమ్ముడి మనవడికి అన్నప్రాసన, నాగాయలంక వెళ్తున్నారు. దారిలో డ్రైవరే ఆపాడట. దిగీ దిగగానే నన్ను పక్కకి లాక్కెళ్ళి, "టైరు మీద చెయ్యి పెట్టి చూడు బావా" అన్నాడు.

చూశాను. అరచెయ్యి లోపలి నుంచి బయటికి జరిపితే నున్నగా ఉంది. బయటి నుంచి లోపలికి జరిపితే రంపం. అప్పుడే మొదలైందన్నమాట. ఇంకొన్నాళ్ళలో గుండు ఖాయం.

"దాచిపెట్టొచ్చు కదరా?"

"ఎన్నాళ్ళు దాస్తాను? నేనే చెప్పేశాను. మేస్త్రిగారి ముందు తేలిపోనివ్వండి, నా తప్పని తేలితే తాళాలిచ్చేస్తానన్నాను."

ఆసామి కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. మేస్త్రిగారు చొక్కా గుండీలు సరిచేసుకుని, కారవాన్ తలుపు దగ్గరికెళ్ళి, చేతులు కట్టుకుని గోడమీది వాక్యం అప్పజెప్పారు.

"అమ్మగారూ, బండి ఖాళీ చెయ్యాలండి."

లోపల సోఫా మీద నుంచి జవాబొచ్చింది. "చెయ్యను."

"రూలండి. అదిగో గోడమీద..."

"మీ గోడ మీ ఇష్టం. ఈ ట్యాంకులో నీళ్ళు ఇక్కడ పారబోస్తే రేపు అక్కడ పిల్లాడికి పాయసం దేంతో వండుతారు? మీ అలైన్‌మెంటుతోనా?"

"కనీసం బస్తాలూ, సామానూ..."

"సామాను కదిపారంటే చూడండి. పాలు తోడు పెట్టాను. కదిలిస్తే పెరుగు చెదిరిపోద్ది."

గుడివాడ నుంచి పామర్రు దాకా ఉన్న గుంతల్లో చెదరని పెరుగు నాలుగడుగులు నేను మోస్తే చెదురుతుందట. నేను ఆ మాట పైకి అనేలోపే మేస్త్రిగారు నా కాలు తొక్కారు.

"పోనీ మీరైనా దిగండమ్మా, లోపల ఉక్కగా ఉంటుంది."

"దిగి ఎక్కడికెళ్ళాలి? మీ షెడ్డులో బాత్రూం ఉందా?"

ఉంది. అందుకే ఎవరూ మాట్లాడలేదు.

ఆసామి భార్యని ఒప్పించే రకం కాదు. ఒప్పించగలిగే రకమైతే కారవాన్ కట్టించేవారే కాదు. "అలాగే చూసేయండి మేస్త్రిగారూ, టైమవుతోంది" అన్నారు. మా షెడ్డు చరిత్రలో మొదటిసారి ఒక బండి నీళ్ళతో, బియ్యంతో, బెల్లంతో, పెరుగుతో, ఇల్లాలితో సహా గోతిమీదికి ఎక్కింది. మేస్త్రిగారు గోడవైపు చూడలేకపోయారు.

చక్రాలకి పట్టీలు బిగించాను. తెర వెలిగింది. మొత్తం ఎరుపు. ఎడమది ఎరుపు, కుడిది ఎరుపు. రెండు చక్రాలూ అలిగిన తోడికోడళ్ళలా చెరోవైపు చూస్తున్నాయి. మొన్న ఇదే మిషన్ మీద, ఇదే బండికి, నేనే పచ్చ చేసి పంపించాను.

మేస్త్రిగారు నెమ్మదిగా ఆసామి వైపు తిరిగారు. "నేను అనకూడదుగానీ అండీ, మిషన్ అబద్ధం చెప్పదు. మేం పంపినప్పుడు పచ్చ. ఇప్పుడు ఎరుపు. మధ్యలో ఎక్కడో గట్టిగా కొట్టాడు."

"రోడ్డు కూడా..." అన్నారు సీనియర్. ఎవరూ వినలేదు.

"నేను కొట్టలేదండీ" అన్నాడు డ్రైవర్.

"మరి చక్రాలు వాటంతటవే తిరిగాయా?" ఆసామి లేచి నిలబడి చెయ్యి చాచారు. "తాళాలు ఇటివ్వు."

డ్రైవర్ జేబులో చెయ్యి పెట్టాడు. తాళాలతో పాటు ఒక నిమ్మకాయ బయటికొచ్చింది. రెండూ చేతిలో పట్టుకుని ఏది ఇవ్వాలో తెలియనట్టు నిలబడ్డాడు. నాకు చాలా కోపం వచ్చింది, ఎవరిమీదో తెలియలేదు. మిషన్ మీద అయితే మేస్త్రిగారు ఒప్పుకోరు.

సరిగ్గా అప్పుడు లోపల అమ్మగారు పెరుగు తోడుకుందో లేదో చూద్దామని సోఫా మీద నుంచి లేచి, కుడివైపు ఉన్న పొయ్యి దగ్గరికి నడిచారు.

తెరమీద అంకె కదిలింది.

ఎంతో కాదు, చివరి అంకె. గోతిలో నేను లేను, చక్రం ఎవరూ ముట్టుకోలేదు. ఆవిడ తిరిగొచ్చి సోఫా మీద కూర్చున్నారు. అంకె మళ్ళీ వెనక్కొచ్చింది.

"అమ్మగారూ, ఒక్కసారి లేవండి" అన్నాను.

లేచారు. కదిలింది.

"కూర్చోండి."

కూర్చున్నారు. వెనక్కొచ్చింది.

"మళ్ళీ ఒక్కసారి..."

"ఏంటబ్బాయ్, నాచేత గుంజీలు తీయిస్తున్నావా?"

షెడ్డులో అందరం తెరవైపే చూస్తున్నాం. అందరికీ అర్థమైంది. ఆవిడ ఒక్క మనిషి లేచి అటు నడిస్తేనే చక్రం చూపు మారుతోందంటే, ఆవిడ కింద ఉన్నదానికి ఎంత మారాలి? మేం ఎప్పుడూ ఒట్టి బండికి కొలతలు తీసి పచ్చ చేసి పంపించాం. ఇంటికెళ్ళగానే నీళ్ళూ బస్తాలూ మనుషులూ ఎక్కేవారు, ముందు భాగం కిందికి దిగేది, ఎడమ పక్క ఇంకాస్త, చక్రాలు రెండూ విడిపోయేవి. పుట్టిల్లు చేరేదాకా టైర్లు రుద్దుకుంటూ పోయేవి. మళ్ళీ మా దగ్గరికి వచ్చేముందు డ్రైవర్ బుద్ధిగా అన్నీ దించేసేవాడు. జ్వరం ఉన్నవాణ్ణి జ్వరం తగ్గాకే రమ్మని బోర్డు పెట్టుకున్న ఆస్పత్రి మాది.

అర్థమైంది సరే, చెప్పేదెవరు? మేస్త్రిగారు చెబితే గోడ అబద్ధమవుతుంది. ఆసామి చెబితే ఇంట్లో పెళ్ళాం బరువు గురించి పదిమందిలో మాట్లాడినట్టవుతుంది. ఆయన కుర్చీలో కూర్చుని పైకప్పు రేకులు చూడటం మొదలుపెట్టారు. సీనియర్ నోరు తెరిచి, రోడ్డు కుదరదని తెలుసుకుని మూసేశారు.

చివరికి డ్రైవరే అన్నాడు. గొంతు పెద్దది చేయకుండానే అన్నాడు.

"మేస్త్రిగారూ, మిషన్ అబద్ధం చెప్పదని మీరేగా అన్నారు. అదేం చెబుతుందో ఆసామిగారికి కూడా చెప్పండి."

మేస్త్రిగారు మిషన్‌ని చూశారు, గోడని చూశారు. ఒకటి ఎంచుకోవాలి. మిషన్‌కి వాయిదాలు ఇంకా నడుస్తున్నాయి, గోడకి లేవు.

"బరువు వల్లనండీ" అన్నారు.

"ఎవరి బరువు?" లోపల నుంచి అమ్మగారు.

ఆ ప్రశ్నతో నా ఉద్యోగం కూడా ఊగింది. "నీళ్ళదండీ అమ్మగారూ, ఒట్టి నీళ్ళది" అన్నాను.

"అట్టా చెప్పు" అన్నారు ఆవిడ.

ఆసామి నమ్మలేదు. నీళ్ళ వల్ల టైరు అరగడమేంటి, ఆయన చెరువులనిండా నీళ్ళే కదా, ఏం అరిగిందని అడిగారు. నిరూపించమన్నారు. నిరూపించాలంటే నీళ్ళు దించాలి. అమ్మగారు ఒక షరతు మీద ఒప్పుకున్నారు: మళ్ళీ ప్రతి చుక్కా ట్యాంకులోకి రావాలి, బిందెలు కడిగినవై ఉండాలి. టీ కొట్టు బిందెలు, పక్కన మెస్సు డ్రమ్ములు, మా షెడ్డులో ఉన్న ఒక్క శుభ్రమైన బకెట్టు పోగేశాం. గొట్టం పెట్టి నీళ్ళు వదిలాం. బిందె తర్వాత బిందె నిండుతుంటే తెరమీద అంకె మెల్లగా దిగొచ్చింది. పామర్రు సెంటర్లో సగం మంది వచ్చి నిలబడి చూశారు. ఎవరో మోటారు బాగుచేస్తున్నామనుకున్నారు. బస్తాలు దించాం, ఆవిడ కూడా పెరుగు గిన్నెతో దిగి, దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఆసామి కుర్చీలో కూర్చున్నారు. తెర పచ్చబడింది. మేం పంపినప్పటి పచ్చ, అచ్చంగా.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆసామి డ్రైవర్‌కి క్షమాపణ చెబుతారని మీరు చూస్తున్నట్టయితే, ఆయన్ని మీరు చూడలేదన్నమాట. తాళాలు ఇంకా డ్రైవర్ చేతిలోనే ఉన్నాయని గమనించి, "మరి ఆ సంగతి ముందే చెప్పొద్దూ" అన్నారు. డ్రైవర్ "అవునండి" అన్నాడు. నిమ్మకాయ ఒక జేబులో, తాళాలు ఇంకో జేబులో వేసుకున్నాడు. ఆ తర్వాత నా వైపు తిరిగి నోరు తెరిచాడు. ఒడ్డు మీద నిలబడి కూడా వాంతి చేసుకుంటాడేమోనని నేను కాస్త దూరం జరిగాను.

ఇప్పుడు నీళ్ళన్నీ మళ్ళీ ఎక్కించాలి. దించేటప్పుడు నీళ్ళు వాటంతటవే దిగాయి. ఎక్కేటప్పుడు అంత మర్యాద ఉండదు. మేస్త్రిగారు యజమాని, సీనియర్ సీనియర్, ఆసామి ఆసామి. డ్రైవరూ నేనూ మోశాం. తలుపు దగ్గర అమ్మగారు నిలబడి, "ఒలకబోయకు, ఒలకబోయకు" అంటూ ప్రతి బిందెనీ సాగనంపారు. టీ కొట్టువాడు తన బిందెలో అడుగున మిగిలిన కాసిని నీళ్ళతో టీ పెట్టుకుంటానంటే ఒప్పుకోలేదు.

బస్తాలు వాటి చోట, పెరుగు దాని చోట, అమ్మగారు సోఫా మీద, ఆసామి ముందు సీట్లో, డ్రైవర్ స్టీరింగ్ ముందు. గ్రూపు ఫోటోకి కూర్చున్నట్టు కూర్చోబెట్టి, కదలొద్దని చెప్పి, నేను గోతిలో దిగి వంగి రాడ్లు తిప్పాను. నిండు బండికి పచ్చ వచ్చింది. లేచేటప్పుడు నడుములో ఒక చప్పుడయింది. బండిదనుకున్నాను.

ఆ టైర్లు సమానంగా అరిగాయి. అరగడం అరిగాయి, టైర్లు కాబట్టి. డ్రైవర్ ఇప్పటికీ ఆ బండే తోలుతున్నాడు, ఆటోవాళ్ళు ఇప్పటికీ వెనక హారన్ కొడుతూనే ఉన్నారు. గుడివాడ వచ్చినప్పుడు నా కొట్టు ముందు ఆపుతాడు, నేను వంగలేను కాబట్టి వాడే వంగి టైరు మీద చెయ్యి రాసి, "నున్నగా ఉంది బావా, రెండు వైపులా" అని చెప్పి వెళ్తాడు. దానికోసం రోడ్డుకి అడ్డంగా ఇల్లంత బండి ఆపుతాడు. వద్దని ఎన్నిసార్లు చెప్పినా వినడు.

మేస్త్రిగారు మళ్ళీ పెయింటర్‌ని పిలిపించారు. పాత వాక్యం చెరపడానికి మనసొప్పక దాని కిందే ఇంకొకటి రాయించారు: "కారవాన్ మాత్రం నిండుగా తీసుకురావలెను." ఆ తర్వాత మా షెడ్డుకి ఇంకో కారవాన్ రాలేదు. ఒక షేరింగ్ ఆటోవాడు మాత్రం ఆ బోర్డు చదివి, జనాన్ని ఎక్కించుకునే లోపలికొచ్చి, "మాక్కూడా ఇదేనా అండీ?" అని అడిగాడు.

తమ్ముళ్ళూ, ఇందులో మీరు నేర్చుకోవాల్సినదేదైనా ఉందా అని నేనూ వెతికాను. మిషన్‌ని నమ్మాలా, మనిషిని నమ్మాలా, గోడని నమ్మాలా వంటి పెద్ద విషయాలు రాద్దామనుకున్నాను. కానీ ఇంతమంది పెద్దలకి అన్నాళ్ళు తట్టనిదీ, నా నడుముకి మాత్రం ఒక్క పూటలో బోధపడినదీ ఆరో తరగతి సైన్సు పుస్తకంలోనే ఉంది.

లీటరు నీళ్ళు కిలో బరువు ఉంటాయి.